విదేశంలో పుట్టే బిడ్డకు పేరు పెట్టడం ఎలా?

మా పెద్దవాడు పుట్టిన రెండో రోజు పొద్దున్నే ఒకావిడ అట్ట మీద ఫారం పెట్టుకుని గదిలోకి వచ్చింది. బిడ్డ పేరు ఏం రాయమంటారని అడిగింది. అప్పటికి మేం అమ్మమ్మకు వీడియో కాల్‌లో బిడ్డ ముఖం కూడా సరిగ్గా చూపించలేదు. "ఇరవై ఒకటో రోజున పెడతాం" అనబోయి ఆగిపోయాను. ఆ ఫారంలో అలాంటి గడి లేదు. గంటసేపు హడావిడిగా ఫోన్లు చేసి, తాతగారి మొక్కు ప్రకారం ముందు "వెంకట", ఆ తర్వాత మేం అనుకున్న పేరు, చివర ఇంటిపేరు రాసి ఇచ్చేశాం.

ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. ఇంట్లో వాణ్ని ఒక్కరు కూడా వెంకట అని పిలవరు. బయట మాత్రం వాడు వెంకటే. నాలుగేళ్లప్పుడు ఒక క్లినిక్‌లో నర్సు రెండుసార్లు "వెంకటా" అని పిలిస్తే వాడు తల కూడా ఎత్తలేదు, బొమ్మ కారు తోసుకుంటూనే ఉన్నాడు. ఆ పిలుపు తనకేనని వాడికి తెలియదు.

అందుకే రెండో కాన్పుకు ఐదో నెల నుంచే కూర్చున్నాం. కాగితాలు, పలకడం, స్పెల్లింగ్, పెద్దవాళ్ల కోరికలు అన్నీ చూసుకుని పేరు ఖాయం చేశాం. ఆ క్రమమే ఇక్కడ రాస్తున్నాను. పేరును మనం చెవితో ఎంచుకుంటాం. పరాయి దేశంలో అది కాగితం మీదా, కొత్తవాళ్ల నోళ్లలోనూ బతకాలి. ఆ రెండు చోట్లా ముందే పరీక్ష పెట్టి చూడండి.

1. ముందు గడువు తెలుసుకోండి

పేర్ల లిస్టు కంటే ముందు చేయాల్సిన పని ఇది. మీరున్న దేశంలో జననం ఎన్ని రోజుల్లో నమోదు చేయించాలి, అప్పటికి పేరు ఉండి తీరాలా అన్నది కనుక్కోండి. ఫ్రాన్స్‌లో 5 రోజులే. జర్మనీలో పుట్టిన వారంలోపు రిజిస్ట్రీ ఆఫీసుకు చెప్పాలి, పేరు మాత్రం ఒక నెలలోపు ఇవ్వొచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో 42 రోజులు, స్కాట్లండ్‌లో 21 రోజులు, ఆస్ట్రేలియాలో 60 రోజులు. అమెరికాలో చాలావరకు ఆసుపత్రిలోనే, డిశ్చార్జి కాకముందే ఫారం నింపిస్తారు. సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు కూడా ఆ ఫారంతోనే వెళ్లిపోతుంది. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల నాటికి పేరు చూసుకుందాంలే అనుకుంటే చాలా దేశాల్లో కుదరదు.

కాబట్టి ఎనిమిదో నెల వచ్చేసరికి రెండు పేర్లు, ఆడపిల్లకు ఒకటి, మగపిల్లాడికి ఒకటి, స్పెల్లింగ్‌తో సహా ఒక కాగితం మీద రాసి ఆసుపత్రి బ్యాగులో పెట్టేయండి. బారసాల పోయిందని బాధపడక్కర్లేదు. ఫారంలో రాసిన పేరునే ఇరవై ఒకటో రోజున పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాసి, చెవిలో చెప్పొచ్చు. మా అమ్మాయికి అలాగే చేశాం. అమ్మానాన్నలకు మాత్రం ఈ సంగతి ముందే, నెమ్మదిగా చెప్పండి. "మాకు చెప్పకుండానే పెట్టేశారు" అన్న మాట పడితే చాలా ఏళ్లు మిగిలిపోతుంది.

గడువుతో పాటు ఆ దేశంలో ఎలాంటి పేర్లు ఒప్పుకోరో కూడా ఒకసారి చూడండి. ఐస్‌లాండ్, డెన్మార్క్‌లలో ముందే ఆమోదించిన పేర్ల జాబితా ఉంటుంది. అందులో లేని పేరు కావాలంటే అనుమతి అడగాలి. ఐస్‌లాండ్‌లో ఇందుకోసం 1991 నుంచి ఒక కమిటీయే ఉంది. న్యూజిలాండ్‌లో కింగ్, ప్రిన్స్ లాంటి బిరుదులు పేర్లుగా ఒప్పుకోరు, పేరు మరీ పొడవుగా కూడా ఉండకూడదు. ముద్దుగా "ప్రిన్స్" అని పెట్టుకుందాం అనుకున్నవాళ్లు అక్కడ ఆగాల్సిందే. కొన్ని చోట్ల ఇంగ్లీషు 26 అక్షరాలు తప్ప వాటి మీద గీతలూ చుక్కలూ రాయనివ్వరు.

2. జన్మనక్షత్రం చూసేవాళ్లు టైమ్ దగ్గర జాగ్రత్త పడండి

ఈ పట్టింపు లేనివాళ్లు ఇది వదిలేసి మూడో దానికి వెళ్లిపోవచ్చు. ఉన్నవాళ్లు మాత్రం నిదానంగా చదవండి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు చాలామందికి తెలియదు.

నక్షత్రానికి నాలుగు పాదాలు, పాదానికి ఒక అక్షరం. అశ్వినికి చు, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అంటే పాదానికి సుమారు 6 గంటలు. చలికాలంలో న్యూయార్క్‌లో పొద్దున 8:40కి బిడ్డ పుట్టిందనుకోండి. మీరు ఫోన్‌లో "ఎనిమిదీ నలభైకి" అని చెబుతారు. ఇంటి దగ్గర నాన్నగారు పంచాంగం తీసి 8:40కే చూస్తారు. నిజానికి ఆ క్షణంలో భారత కాలమానం సాయంత్రం 7:10. పదిన్నర గంటలు తేడా వచ్చిందంటే దాదాపు రెండు పాదాలు జరిగిపోయినట్టే, ఒక్కోసారి నక్షత్రమే మారిపోతుంది. కాలిఫోర్నియా అయితే చలికాలంలో తేడా పదమూడున్నర గంటలు. వేసవిలో అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా ఒక గంట తగ్గుతుంది.

చేయాల్సింది చిన్న పనే. పుట్టిన టైమును భారత కాలమానంలోకి మార్చి, తేదీతో సహా మెసేజ్ పెట్టండి. నోటితో చెప్పి వదిలేయొద్దు. చంద్రుడు ఒక్కడే కదా, ఆ క్షణాన లోకమంతటికీ నక్షత్రం ఒకటే. యాప్‌లో చూస్తుంటే పుట్టిన ఊరు సరిగ్గా ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూడండి.

ఇక అక్షరం వచ్చాక ఇంకో చిక్కు. హస్తకు పూ, ష, ణ, ఠ. ఆర్ద్రకు కు, ఘ, ఙ, ఛ. ఙతో మొదలయ్యే పేరు ఎక్కడినుంచి తెస్తాం? దీనికి పెద్దలే దారి చూపించారు. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు. జన్మనామం బియ్యంలో రాసి, పూజల్లో చెప్పుకోండి. సర్టిఫికెట్ మీద వ్యవహారనామం వేయండి. వచ్చిన అక్షరం కోసం నోరు తిరగని పేరును బిడ్డ జీవితమంతా మోయక్కర్లేదు. పురోహితుడిని అడగండి, చాలామంది ఈ మాటే చెబుతారు.

3. ఏ ముక్క ఏ గడిలో రాయాలో తేల్చుకోండి

మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పేరులోనూ దేవుడి పేరు, తాత పేరు ముందు వచ్చి, పిలిచే పేరు చివర్లో ఉంటుంది. బయటి దేశాల ఫారాల్లో ఉండేది ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్. ఫస్ట్ నేమ్ గడిలో ఏది మొదట ఉంటే అదే పిలుపు. సాయి, శ్రీ, వెంకట, లక్ష్మి, సత్య, ఇలా మొదలయ్యే జంట పేర్లున్న పిల్లలందరూ బయట సాయి, శ్రీ, వెంకటలే అవుతారు. ఒక క్లాసులో ముగ్గురు సాయిలున్న సంగతి మీరూ వినే ఉంటారు.

అందుకే పిలిచే పేరు మొదటి గడిలో రాయండి. మొక్కు పేరు, తాత పేరు, నానమ్మ పేరు మిడిల్ నేమ్‌లోకి వెళ్లాలి. మా అమ్మాయికి అలా చేసినప్పుడు మా మామగారు మొదట చిన్నబుచ్చుకున్నారు, దేవుడి పేరు వెనక్కి పోయిందని. పాస్‌పోర్టు వచ్చాక ఆ పేరు పూర్తి అక్షరాలతో అచ్చులో చూసి శాంతించారు. మిడిల్ నేమ్ ఒక్కటే ఉంటే మంచిది. రెండు మూడు మిడిల్ నేమ్‌లు ఒక చోట పూర్తిగా, ఒక చోట పొడి అక్షరాలుగా, ఇంకో చోట అసలు లేకుండా పడుతుంటాయి.

లాస్ట్ నేమ్ గురించి ఇంకాస్త ఆలోచించాలి. మనలో కొందరి పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ దగ్గర ఇంటిపేరు ఉంటుంది, కొందరికి తండ్రి పేరు ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీ. బిడ్డకు ఇంటిపేరు పెడతారా, తండ్రి పేరు పెడతారా అన్నది మీ ఇష్టం. నేనైతే ఇంటిపేరే అంటాను. తండ్రి పేరు ఒక్క తరంతో సరి, ఇంటిపేరు అన్నదమ్ముల పిల్లలను కూడా ఒక తాటిమీద ఉంచుతుంది. సత్య నాదెళ్ల, 2021 జులై 11న అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చిన శిరీష బండ్ల, 2014 మిస్ అమెరికా నీనా దావులూరి, వీళ్లందరి విషయంలో లోకానికి తెలిసింది పిలిచే పేరు, ఇంటిపేరు. మధ్యలో ఇంకేమీ అడ్డం రాలేదు.

ఏది పెట్టినా మొదటి బిడ్డకు పెట్టినట్టే రెండో బిడ్డకూ పెట్టండి. అన్నకు ఇంటిపేరు, చెల్లికి నాన్న పేరు లాస్ట్ నేమ్‌గా పడితే ప్రతి కౌంటర్ దగ్గరా వీళ్లిద్దరూ తోబుట్టువులేనని నిరూపించుకోవాలి. తల్లి ఇంటిపేరు వేరేగా ఉంటే, ఆవిడ ఒక్కతే బిడ్డతో ప్రయాణం చేసేటప్పుడు బర్త్ సర్టిఫికెట్ కాపీ బ్యాగులో ఉండాలి.

సర్‌నేమ్ గడి మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు. ఒంటి పేరున్న పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇస్తే ఆ పేరును ఇంటిపేరు గడిలో వేసి, ముందు "ఎఫ్ఎన్‌యూ" అని కొడతారు. ఫస్ట్ నేమ్ తెలియదు అని దానర్థం. డ్రైవింగ్ లైసెన్సు దాకా ఆ మూడక్షరాలు వెంటపడిన వాళ్లున్నారు. ఒంటి పేరు మాత్రమే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రావడానికి వీల్లేదని యూఏఈ కూడా 2022 నవంబరులో నిబంధన తెచ్చింది.

4. నోటి పరీక్ష, చెవి పరీక్ష

నాలుగైదు పేర్లు మిగిలాక ఈ రెండూ చేయండి. ఇవి వేరు వేరు పరీక్షలు.

మొదటిది: పేరును ఇంగ్లీషులో, లేదా మీరున్న దేశపు లిపిలో కాగితం మీద రాసి, ఆ దేశంలోనే పుట్టిపెరిగిన ముగ్గురికి చూపించండి. ఏమీ చెప్పొద్దు. ఎలా చదువుతారో వినండి. ఏడాదికోసారి కొత్త టీచరు హాజరు పట్టీలో చూసి చదివేది అలాగే. రెండోది: ఇంకో ముగ్గురికి పేరు నోటితో చెప్పి రాయమనండి. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు అవతలివాళ్లు రాసుకునేది అలా ఉంటుంది. రెండింటిలోనూ నూటికి నూరు రావాలని లేదు. ఒకసారి సరిదిద్దితే రెండోసారి సరిగ్గా అనగలుగుతున్నారా అన్నదే నేను చూసేది. అనగలిగితే ఆ పేరు నిలుస్తుంది.

ఏ శబ్దాలు పోతాయో ముందే తెలిస్తే ఎంచుకోవడం తేలిక. ఇంగ్లీషువాళ్లకు ణ, ళ లేవు, న, ల అవుతాయి. నాదెళ్ల అక్కడ నాదెల్లా అయింది. మన మెత్తని త, ద వాళ్ల నోట ట, డలకు దగ్గరగా వస్తాయి. భ, ధ, ఘల్లో ఒత్తు రాలిపోతుంది. చివరి అచ్చు సాగుతుంది, సత్య సత్యా అవుతుంది. జంట అక్షరం ఒంటిదవుతుంది, వెన్నెల కాస్తా ఐస్‌క్రీమ్ వనీలాకు దగ్గరవుతుంది. ఋ, జ్ఞ, క్ష్మ ఉన్న పేర్లు అన్నిటికంటే ఎక్కువ నలుగుతాయి.

ఇంగ్లీషు దేశం కాకపోతే లెక్క మారుతుంది. జర్మన్‌లో జే అక్షరాన్ని య అని చదువుతారు, జయ అక్కడ యయ. అచ్చుకు ముందున్న ఎస్ జ్ లాగా పలుకుతుంది కాబట్టి సీత వాళ్లకు జీటా. స్పానిష్‌లో జే అంటే హ, జానకి హానకి అవుతుంది. ఫ్రెంచిలో హెచ్ పలకరు, హర్ష అర్ష అయిపోతాడు, సీ-హెచ్ అని రాస్తే ష అంటారు కాబట్టి చరణ్ షరణ్ అవుతాడు. జపాన్‌లో ల, ర తేడా లేదు, లీల అక్కడ రీరా. అరబిక్‌లో ప లేదు, పవన్ పేరును బవన్ అని రాస్తారు. గల్ఫ్‌లో గుర్తింపు కార్డు మీద పేరు అరబిక్‌లో కూడా ఉంటుంది, కాబట్టి అక్కడ పిల్లలను పెంచేవాళ్లు ఈ ప సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. కృష్ణ, సూర్య, ఆదిత్య, తేజ, హర్ష, శివ మన చెవికి మగపిల్లల పేర్లు. చివర "ఏ" అనే ఇంగ్లీషు అక్షరంతో రాస్తే యూరప్, అమెరికాల్లో చూడగానే ఆడపిల్ల పేరనుకుంటారు. ఇటాలియన్, స్పానిష్ తెలిసినవాళ్లకు మరీను. స్కూలు ఉత్తరాల్లో "మీ అమ్మాయి" అని వస్తుంది. ఇది పెద్ద తప్పేం కాదు, సూర్య అని పెట్టాలనుకుంటే పెట్టండి. తెలిసి పెడితే తర్వాత నొచ్చుకోరు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ విభాగం ఏటా పిల్లల పేర్ల జాబితా ప్రచురిస్తుంది. 1880లో పుట్టినవాళ్ల నుంచి వివరాలున్నాయి. మీరు అనుకున్న స్పెల్లింగ్ అక్కడ ఆడపిల్లలకు పెడుతున్నారా, మగపిల్లలకా అన్నది అందులో దొరుకుతుంది.

చాలామంది "రెండు వైపులా చెల్లే పేరు" కోసం వెతుకుతారు. మాయ, తార, నీనా, అనిత, మీరా, నీల్, కిరణ్ లాంటివి. మంచి పేర్లే. తార అంటే మనకు చుక్క, ఐర్లండ్‌లో ప్రసిద్ధమైన కొండ పేరు కూడా అదే. కానీ అందరూ ఈ పదీ పన్నెండు పేర్లే తిప్పితిప్పి పెడుతుంటే తెలుగులో ఉన్న వేల పేర్లు ఏమైపోవాలి? శిరీష పేరు ఎవరికోసమూ కుదించలేదు, లోకం నేర్చుకుంది. కమలా హ్యారిస్ తన పేరు ఎలా పలకాలో చెప్పడానికి ఇంగ్లీషులో "కామా" గుర్తు పేరు, తర్వాత "లా" అనమని ఓటర్లకు నేర్పింది. అది మనం అనే కమల కాదు, అయినా ఆవిడ ఒక పలుకుబడి ఖాయం చేసుకుని దాని మీదే నిలబడింది. పేరు కష్టమా సులువా అన్నదానికంటే ఈ నిలకడ ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

దానికి ఒక సొంత పరీక్ష ఉంది. మీ బిడ్డను కొత్తవాళ్లకు పరిచయం చేస్తున్నట్టు పేరు బయటికి అనండి. మీరే ఇంగ్లీషు యాసలో తిప్పి అంటున్నారా? ఇంట్లో ఒకలా, బయట ఒకలా పలికే పేరు మీ నోటికే బరువుగా ఉందన్నమాట. మీరు రెండు చోట్లా ఒకేలా పలకగలిగే పేరు పెట్టండి.

5. పరాయి భాషలో అర్థం ఏమిటో చూడండి

సిగ్గుపడకుండా చేయాల్సిన పని ఇది. హర్షిత్, రంజిత్, అక్షిత్ లాంటి పేర్లు మనకు చక్కని సంస్కృత పదాలు. వీటిలో ష తర్వాత ఇత్ వచ్చే పేర్లను ఇంగ్లీషులో రాస్తే చివరి నాలుగు అక్షరాలు అక్కడి బూతుమాట అవుతాయి. ఆరో క్లాసు పిల్లలు దాన్ని వదలరు. చివర టీ-హెచ్ రాస్తే కొంత కనుమరుగవుతుంది, పూర్తిగా కాదు. పూ అని మొదలయ్యే పేర్లు చిన్నపిల్లల బడిలో నవ్వు తెస్తాయి, ఆ మాటకు ఇంగ్లీషులో మలం అని అర్థం.

స్పానిష్ వినబడే చోట ఉంటే: మాలా అంటే చెడ్డది, లతా అంటే రేకు డబ్బా, రాణా అంటే కప్ప. అదే స్పానిష్‌లో రామా అంటే చెట్టుకొమ్మ, మీరా అంటే "చూడు". ఆస్ట్రేలియాలో షీలా అనేది ఆడమనిషిని ఉద్దేశించి వాడే పాత వాడుకమాట. సిరి ఎంత తెలుగు పేరు! 2011లో ఐఫోన్‌లోకి ఆ పేరుతో సహాయకురాలు వచ్చాక, ఇంట్లో పాపను పిలిస్తే ఫోన్ పలుకుతోంది. సిరి అంటే ప్రాణం అనుకుంటే సిరిచందన, సిరివెన్నెల లాంటివి చూసి పూర్తి పేరుతో పిలవడం అలవాటు చేసుకోండి.

అర్థాలు వెతికేటప్పుడు ఆ దేశపు వాళ్లలో ఒక టీనేజి పిల్లాడిని అడగండి. పెద్దవాళ్లు మర్యాదకు "చాలా బాగుంది" అంటారు. పిల్లలు నిజం చెప్పేస్తారు.

6. స్పెల్లింగ్ ఒక్కసారే, ఖాయంగా

మనం త కోసం టీ-హెచ్ రాయడానికి అలవాటు పడ్డాం. లలిత, ప్రీతి, కార్తీక్, అన్నిట్లోనూ. ఇంగ్లీషువాళ్లు టీ-హెచ్ చూస్తే నాలుక పళ్ల మధ్య పెట్టి, థింక్ అనే మాటలోలా పలుకుతారు. ఒట్టి టీ రాస్తే ట అంటారు. రెండూ త కావు. పేరు మొదట్లో, మధ్యలో ఒట్టి టీ నయమని నా అభిప్రాయం. మీ కాగితం పరీక్షలో ఏది త కి దగ్గరగా వస్తే అదే ఉంచండి.

సంఖ్యాశాస్త్రం పేరుతో ఒక ఏ, ఒక హెచ్, ఒక ఐ ఎక్కువ తగిలించొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ అదనపు అక్షరాన్ని బిడ్డ ఫోన్‌లో, కౌంటర్ల దగ్గర జీవితమంతా విడమరిచి చెప్పుకోవాలి. ఇంటిపేరు స్పెల్లింగ్ తండ్రి పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. అది మీకు నచ్చని స్పెల్లింగ్ అయినా సరే.

పొడవు కూడా చూడండి. మీ పాస్‌పోర్టు ఫొటో పేజీ కింద మిషన్ చదివే రెండు వరుసలుంటాయి. ఒక్కో వరుసలో 44 గళ్లు. పై వరుసలో మొదటి 5 గళ్లు పత్రం రకానికి, దేశానికి పోతాయి. మిగిలిన 39 గళ్లలో ఇంటిపేరు, దాని తర్వాత రెండు బాణం గుర్తులు, ఆ తర్వాత పేరు, పేరులో ఖాళీ ఉన్న చోటల్లా ఇంకో గుర్తు. కాగితం మీద గళ్లు గీసి మీ బిడ్డ పేరు నింపి చూడండి. పట్టకపోతే అక్కడ తెగుతుంది. ఆ వరుసలో ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు తప్ప కామాలు, గీతలు ఉండవు. విమానం టికెట్ మీదైతే ఫస్ట్, మిడిల్ నేమ్‌లు కలిపేసి, చివర మిస్టరో మిస్సో అతికించి ఒకే మాటగా కొడతారు. భయపడకండి, అది మామూలే. కానీ పేరులో రెండు ముక్కలుంటే విడిగా రాయాలా కలిపి రాయాలా అన్నది మొదటి రోజే తేల్చుకుని, అన్ని చోట్లా అలాగే రాయండి.

మొదటి అక్షరాలు మూడూ వరుసగా రాసి చూడటం కూడా మర్చిపోవద్దు. ఇంగ్లీషులో పందో, గాడిదో తేలితే మిడిల్ నేమ్ మార్చండి. కవలలకు ఒకే అక్షరంతో పేర్లు పెట్టాలనే సరదా విదేశంలో వదులుకోండి. పుట్టినరోజు ఒకటే, ఇంటిపేరు ఒకటే, మొదటి అక్షరమూ ఒకటే అయితే ఇన్సూరెన్సు, ఆసుపత్రి రికార్డుల్లో ఒకరి టీకా ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

7. సర్టిఫికెట్ చేతికి రాగానే

కౌంటర్ దాటకముందే అక్షరం అక్షరం చదవండి. బిడ్డ పేరే కాదు, మీ ఇద్దరి పేర్లు కూడా. తప్పు ఆ రోజే దిద్దించుకోవడం సులువు. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే నమోదైన 12 నెలల్లోపు పెట్టుకున్న కొత్త పేరును రిజిస్టరులో చేర్చే వీలుంది.

బిడ్డకు భారత పాస్‌పోర్టు తీసుకోబోతుంటే, 1955 పౌరసత్వ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఏడాదిలోపు అక్కడి భారత ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని డిక్లరేషన్ ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, ఆ తిప్పలు వద్దు. బిడ్డకు ఆ దేశపు పాస్‌పోర్టే వస్తుంటే తర్వాత ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు తీసుకుంటారు. దాని మీద పేరు ఆ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

8. పేరు పలకడం నేర్పండి

మా అమ్మాయి పేరులో ళ ఉంది. ముందే తెలిసి పెట్టుకున్నాం, అది వాళ్ల అమ్మమ్మ పేరులోంచి వచ్చిన అక్షరం. బడిలో చేర్చే ముందు వారం రోజులు మూడు పనులు చేశాం. అమ్మమ్మ చేత పేరు నెమ్మదిగా మూడుసార్లు పలికించి ఫోన్‌లో రికార్డు చేశాం. పేరును ముక్కలు చేసి, ఏ ముక్క ఏ ఇంగ్లీషు మాటలా పలుకుతుందో ఒక చీటీ మీద రాశాం. ఇక పాపకు "కాదండీ, నా పేరు ఇలా అనాలి" అని నవ్వుతూ చెప్పడం ఇంట్లో ఆటలా నేర్పాం. నేను టీచర్ని, తను పాప. నేను తప్పుగా పిలవాలి, తను దిద్దాలి.

మొదటి రోజు టీచరు చీటీ చూసి పలికింది, ల వచ్చింది. రెండోసారీ అంతే. పాప తన నోరు తెరిచి, నాలుక ఎలా వెనక్కి మడవాలో వేలితో చూపించింది. ఆ టీచరు కుర్చీలోంచి లేచి, పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని, తనూ నోరు తెరిచి నాలుక మడిచింది.